పొగలో చక్కెర

రాత్రి పన్నెండుకి బడి కప్పు మీదికెక్కుతాను.
నిచ్చెన నాలుగో మెట్టు వదులు,
కాలికి తెలుసు, కంటితో పనిలేదు.
జూలై అంటే మా కొయాయికేలో నడి చలికాలం.
చుట్టూ కొండలు, అడుగున ఊరు.
పైన వెచ్చటి గాలి మూకుడులా బోర్లించుకుంటే
కింద చలిగాలి కదలదు;
మేం వదిలిన పొగ
మా ముక్కుల్నే వెతుక్కుంటూ వస్తుంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఇక్కడ పొగ రానిదే నిప్పు లేదు.

పెట్టె తెరిచి వడపోత బిళ్ళ మారుస్తాను.
నిన్న పెట్టినప్పుడు తెల్లది,
అరచేతి గుంటలో ఇమిడేంత.
ఇప్పుడు మాడిన రొట్టె అడుగు.
పట్టకారుతోనే తీయాలి,
వేలి చెమట కూడా లెక్కలోకొస్తుందని
డాక్టర్ ఇస్మేనియా ఓయార్సున్ మొదటిరోజే చెప్పింది.

ఆమె తూచే గదిలో ఎవరూ మాట్లాడరు.
తలుపు మూసి, ఊపిరి బిగబట్టి
ఒకే బిళ్ళను మూడుసార్లు తూస్తుంది.
అంకెలు మూడూ ఒక్కటయ్యేదాకా
తన కళ్ళను తనే నమ్మదు.
ఒక రోజంతా పట్టిన మసి
రెండు నువ్వు గింజలంత తూగుతుంది.
ఆ బరువుకే
ఆసుపత్రిలో పిల్లల వార్డు నిండిపోతుంది.

ఒకసారి అడిగాను:
ఇందులో లారీలదెంత, పొయ్యిలదెంత,
నలుపంతా ఒకటే కదా?
బిళ్ళలోంచి గోరంత ముక్క కోసి
ద్రావకంలో నానేస్తూ చెప్పింది:
"చెట్టు ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి
కూడబెట్టుకున్న తీపి
కాలేటప్పుడు ఇంకో చక్కెరై పొగలో ఎగిరిపోతుంది.
డీజిల్‌కి ఆ విద్య రాదు."

తెరమీద గీత నేలబారుగా పాకి పాకి
ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచింది.
"కట్టె," అంది.
ఎవరి కట్టె?
"అది చెప్పదు. చక్కెరకి ఇంటిపేరుండదు."

నాకు తెలుసు.
మా నాన్న ఎలియేసర్ బండి
ఏప్రిల్లో నరికింది మేలో అమ్మేస్తుంది.
రెండు వేసవులు ఆరాల్సిన లెంగా మొద్దు
గొడ్డలి దిగితే ఇంకా నీరు కారుస్తుంది.
ఆరబెట్టాలంటే పాక కావాలి,
పాకకి డబ్బు కావాలి,
డబ్బుకి మళ్ళీ ఆ పచ్చి మొద్దే.
నా కాలేజీ ఫీజు దాని మీదే ఉడికింది.

శనివారం బడికి తూర్పున ఉన్న ఇంటికి వెళ్ళాం.
దోన్యా ఎదెల్మిరా మాకు మాతే పోసింది.
పొయ్యి మూత సగం మూసి ఉంది,
తెల్లారేదాకా నిప్పు నిలవాలని.
డాక్టర్ రెండు సూదుల మీటరు
మొద్దులో గుచ్చింది: నలభై ఒకటి.
మొద్దు చివర ఎర్ర రంగు చుక్క,
మా నాన్న పెట్టే గుర్తు.
నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

"గాలి చంపుతుందంటావు," అంది ముసలామె,
"చలి ముద్దు పెట్టుకుంటుందా?"
డాక్టర్ దగ్గర దానికి అంకె లేదు.
నలభై ఒకటి రాసుకుంది, మాతే తాగింది.
కాసేపాగి, ఈ కట్టె ఎక్కడ కొన్నావంది.
ఎదెల్మిరా నా వైపు చూసింది.
దగ్గు తెర తగ్గేదాకా ఆగి
"దారినపోయే బండి," అంది.
డాక్టర్ కూడా నా వైపే చూసింది.
పెన్సిలు మూసిన పుస్తకం మీద పెట్టింది.

ఈ రాత్రి మళ్ళీ కప్పు మీద నేను.
గాలి లేదు. చుక్కలు కూడా లేవు.
కింద ఆ పొగగొట్టం
నిద్రలో గొణిగినట్టు పొగ వదులుతోంది.
నల్ల బిళ్ళ డబ్బాలో పెట్టి, తెల్లది బిగించి
కాగితం తీశాను:
తేదీ, సమయం, ఉష్ణోగ్రత మైనస్ తొమ్మిది.
చివరి గడి, పరిశీలనలు.
రెండేళ్ళుగా అక్కడ "ఏమీ లేదు" అనే రాస్తున్నాను.
కలంలో సిరా గడ్డకట్టింది.
నోట్లో పెట్టుకుని కరిగించి రాశాను:

తూర్పున ఒక పొగగొట్టం.
కట్టె మాది.