శివారు

గజ్జల్లోంచి తీగ దూర్చారు.
నొప్పి లేదు. గది మాత్రం చలి,
పుష్యమాసం తెల్లారగట్ల లాకు మీద నిలబడ్డట్టు.

తెర మీద నా కాలు.
డాక్టరమ్మ మందు వదిలితే నల్లగా పారి
మోకాలి దిగువన ఆగిపోయింది.
ముక్తేశ్వరం కాలవ మీద ముప్పైరెండేళ్ళు లస్కర్ని,
ఎక్కడ ఆగిందో నాకొకరు చెప్పాలా?

"పూడిక ఎంతమ్మా?" అన్నాను.
తీగ కొసన చిన్న కన్నుందట, లోపల్నించే చూస్తుందట.
"గోడంతా సున్నం కట్టేసింది అబ్బులు గారూ,
చుట్ట మానమంటే విన్నారా?"
నవ్వబోతే కదలొద్దంది.

బుడగ ఉబ్బింది.
తీర్థంలో బూర కాదు, వడ్లగింజంత లావు.
పిక్కలో ఎవరో పిడికిలి బిగించి
లెక్కపెట్టి వదిలారు.

శివారు రైతులు గుర్తొచ్చారు.
అర్ధరాత్రి లాంతర్లతో వచ్చి తిట్టేవారు.
ఎగువ చేలన్నీ తడిపి
"రేపొస్తుంది లెండి" అని
ముసుగు తన్నేవాణ్ణి.

ఇప్పుడు నల్లబడ్డ బొటనవేలు
లాంతరు పట్టుకుని నిలబడింది.

మళ్ళీ మందు వదిలారు.
పిక్క దాటింది.
చీలమండ దగ్గర సన్నబడి, తడబడి,
ఆ పైన నా కళ్ళకి ఆనలేదు.

"వేలిదాకా అందిందా అమ్మా?"

చేతి తొడుగులు విప్పుతూ అంది,
"రేపు తెలుస్తుంది లెండి."