పన్నెండు వరుసల పట్టిక

ఆ నీలం నాది.
జూన్ నెల, సాయంత్రం ఐదు, పుంతా అరేనాస్ రేవుగట్టు.
జలసంధి మీద వెలుతురు ఇంకా పూర్తిగా ఆరిపోని వేళ
ఫోనులో ఫోటో తీసి
అందులోంచి ఒక్క చుక్క వేరుచేసి
స్లయిడు ఎడమ అంచున నిలువుగా పూశాను.
పక్కనే వెంట్రుకంత తెల్లగీత.
కింద మూలన గోరంత నీటికాకి.
ఎగురుతున్నట్టు గీయమన్నాడు డైరెక్టరు.
రెక్కలు ఆరబెట్టుకుంటున్నట్టు గీశాను.
చేపల ఫ్యాక్టరీలో ఎగిరేదేముంది,
గాలికి మా టోపీలు తప్ప?

మొదట కత్తి పట్టుకోవడమెలాగో నేర్పడానికి వాడారు,
బొటనవేలు ఎక్కడ పెట్టాలో ఎర్ర బాణం గుర్తుతో.
తర్వాత కొత్త శీతల గదికి.
తర్వాత ఓస్వాల్దో పదవీ విరమణకి.
ఇంకో పేరుతో సేవ్ చేసి
పాత మాటలు తుడిచేస్తే చాలు,
చెల్లికి అక్క గౌను తొడిగినట్టు.
ఒక్కోసారి తుడవడం మరిచేవాళ్లు.
ఓస్వాల్దో చిరునవ్వు కింద
“మైనస్ పద్దెనిమిది డిగ్రీల వద్ద నిల్వ ఉంచాలి”
అన్న మాట అలాగే ఉండిపోయింది.
అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆయనే.

మా ద్రాగో బడిలో అగ్నిపర్వతాల పాఠం చెప్పాల్సొచ్చి
అడక్కుండానే తీసుకుపోయాడు దాన్ని.
లావా పక్కన నిలబడి
తాపీగా రెక్కలారబెట్టుకుందట పక్షి.
ఇదెందుకిక్కడ అని టీచరు అడిగితే
“అది మా అమ్మది” అన్నాడట.

మార్చిలో మమ్మల్ని భోజనాల హాలుకి పిలిచారు.
గోడ నిండా నా నీలం.
పైన పెద్దక్షరాల్లో: పునర్వ్యవస్థీకరణ.

నా పట్టికలో పన్నెండు వరుసలే పడతాయి.
వెనక బెంచీకి కనబడాలని,
వరుసకీ వరుసకీ మధ్య ఊపిరాడాలని
కొలిచి కొలిచి పెట్టాను.
వాళ్లు ఎనభై నాలుగు పేర్లు కుక్కారు.
జనం లేచి గోడ దాకా నడిచి
వేలితో వెతుక్కున్నారు తమని తాము.
ఏ పేరు మీద వేలు పెడితే
ఆ పేరు మీదే నీడ.
ఉబెర్లిందా బార్రియా కళ్లజోడు తేలేదు.
“నేనున్నానేమో చూడు యస్నా” అంది.
ఉంది.
నీటికాకి రెక్కని ఆనుకుని,
అక్షరాలు సగం పక్షి మీదికెక్కి.

ఆ రాత్రి నోల్బెర్తో వచ్చాడు,
వీధి వెంట కట్టిన తాళ్లు పట్టుకుని పట్టుకుని.
గాలి అలాంటిది.
“శుక్రవారం వాళ్లతో మాట్లాడాలి.
సంఘంలో ఎవరికీ స్లయిడ్లు చేయడం రాదు.
నీ దగ్గర తయారుగా ఏదైనా...”

నా దగ్గరున్నది ఒక్కటే.
నీలం మార్చనా అనుకున్నాను.
ఆకుపచ్చ పెట్టి చూశాను, ఎరుపు పెట్టి చూశాను.
పక్షిని తీసేసి, ఖాళీ మూల చూడలేక
మళ్లీ పెట్టాను.
బొటనవేలు ఎక్కడ పెట్టాలో
నోల్బెర్తోకి ఎవరూ చెప్పక్కర్లేదు.

శుక్రవారం అదే హాలు, అదే గోడ.
డైరెక్టరు తెరకేసి చూసి, పక్కనున్న కుర్రాడికేసి చూశాడు,
పొరపాటున తమ ఫైలే తెరిచారేమోనని.
మొదటి స్లయిడులో పన్నెండు పేర్లు,
ఎదురుగా ఎవరు ఎన్నేళ్లు చేశారో ఆ లెక్క.
రెండోదానిలో పన్నెండు.
ఏడు స్లయిడ్లలో సరిపోయారు అందరూ,
ఒక్కరు ఎక్కువ కాలేదు, ఒక్కరు తక్కువ కాలేదు.
నేను చేసిన లెక్క కాదిది.

ఎనిమిదోది తీసేయడం మరిచాం.
నీలం, గీత, పక్షి.
నడుమ బూడిదరంగులో,
కొత్తవాళ్లు తికమక పడకూడదని
ఎప్పుడో నేనే టైపు చేసి పెట్టిన మాట.

నోల్బెర్తో వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు.
కిటికీ అద్దాలు టకటకలాడుతున్నాయి.
డైరెక్టరు నీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండా దించాడు.
ఈసారి కళ్లజోడు తెచ్చుకుంది ఉబెర్లిందా.
బడిపిల్లలా లేచి నిలబడి
ఒక్కో మాటా విడదీసి
పైకి చదివింది:
“శీర్షిక. ఇక్కడ. రాయండి.”