పీచు లెక్క

ఈ ఏడు షువైఖ్‌లో రెండే వానలు.
రెండోది ఉరుముతో పడింది.
ఉరిమితేనే ఇసక కింద ఫగా ఊరుతాదని
బుట్ట దించిన బద్దూ ముసలాయన చెప్పినాడు.
మా సుండుపల్లి గుట్టల్లో పుట్టగొడుగులకూ ఇదే మాట.
తలూపినా.
ఆయన అరబ్బీ నాకు సగమే తెలుసు,
ఉరుము మాత్రం మొత్తం తెలుసు.

ల్యాబులో గాజుసామాను కడగడం నా పని.
డాక్టర్ నష్వా నన్ను ఉమ్ ఓబుల్ అంటాది.
ఓబులమ్మలో చివరున్న అమ్మను
తెచ్చి ముందర కూర్చోబెట్టింది.
బాగానే ఉండాది, నేను దిద్దలేదు.

గడ్డలు కడిగి రెండు కుప్పలు చేసినాం.
ఒకటి ఉన్నట్టే ఫ్రిజ్జులోకి.
ఇంకొకటి సీలేసిన పెట్టెలో ఎక్కడికో పోయి
గామా కిరణాల ముందర నిలబడి
సాయంత్రానికి తిరిగొచ్చింది.
పెట్టె మీద పచ్చని పువ్వు, దాని చుట్టూ తెగిన వలయం.
ముట్టబోయి చెయ్యి వెనక్కి తీసినా.
"ఏం కాదు, ఎండ తగిలి పోయినట్టే" అనింది డాక్టరు.
ఇక్కడి జులై ఎండ చూసినదాన్ని,
ఆ మాటతో ధైర్యమేమీ రాలేదు.

పన్నెండో రోజు తలుపు తీస్తే
ఊరికే పెట్టినవి జిగురు కారి, తడిసిన గొర్రె వాసన.
కిరణం తగిలినవి
నిన్న తవ్వినట్టు, ముడతైనా పడకుండా.
డాక్టరు ఫోటోలు తీసుకుంటాంది.
నేను ఒకదాన్ని కోసినా.
మొదటి రోజు కోస్తే కత్తి కింద కరకరమనింది.
ఇప్పుడు కత్తి దిగింది,
చప్పుడు లేదు.

పీచు లెక్క ఇట్ల కడతారు:
ఎండబెట్టి దంచిన పొడిని యాసిడ్‌లో మరగబెడతారు.
కరిగేది కరిగిపోతాది.
మిగిలినదాన్ని మళ్లీ
చాకిరేవు చౌడు లాంటి క్షారంలో మరగబెడతారు.
రెంటికీ లొంగనిది ఏముందో, అదీ పీచు.
దాన్నీ తూచి, కాల్చి,
బూడిదను తూచి తీసేస్తారు.
బడి ఎగ్గొట్టిన రోజు మా నాయన
"నీ పీచమణుస్తా" అని బెల్టు తీసేవాడు.
ఆ పీచమూ ఈ పీచూ ఒకటేనా?
డాక్టరును అడగలేను,
ఆ తిట్టుకు అరబ్బీలో నా దగ్గర మాట లేదు.
మూస అడుగున అంటిన మసి మాత్రం
మూడు సార్లు తోమినా నా గోటికే తెలుసు.

కిరణం తిన్న కుప్పలో పీచు కొంచెం తక్కువ.
కొంచెమే, అనింది, చుక్క తర్వాతి అంకెల్లో తేడా.
తెగిన పోగులు నీళ్లలో కరిగే రకంలోకి చేరుంటాయంట.
ఎక్కడికీ పోలేదు, కాయితంలో గడి మారినాయి.
కడుపుకు రెండూ మేలే.
దూరం పోయే సరుకు చెడకుండా ఉండాల కదా.
ఉండాల, అన్నా.
మరి కత్తి చప్పుడు ఏ గడిలో రాస్తారు?
నవ్వింది.
నవ్వు ఆపి, కాయితం అంచున
పెన్సిలుతో కుడి నుంచి ఎడమకు ఏదో రాసుకొనింది.

నమూనాలు బయటికి తేకూడదు.
గోడ మీద నాలుగు భాషల్లో రాసుండాది,
తెలుగులో లేదు గానీ నాకు తెలుసు.
అందుకే నేను తెచ్చుకొనింది ఇసక.
ఫగా మడతల్లోంచి రాలి
సింకు జల్లెట్లో మిగిలినది, నీడో డబ్బాకు సగం.
ఖైతాన్ గదిలో ఐదు మంచాలు దాటి
కిటికీలో పెట్టి దినమూ గ్లాసుడు నీళ్లు పోస్తాండా.
తడిసినప్పుడు ఒక్క క్షణం గుట్ట వాసన.
"ఏం నాటినావు?" అంటాది పై మంచం రమీజాబీ.
ఏమీ నాటలేదు.

నిన్న రాత్రి మబ్బు పట్టింది.
అందరం లేచి కూర్చున్నాం.
ఉరమలేదు.
పాత ఏసీ మోటారు ఒకటే గురగురమంటాంది.
డబ్బాను మెల్లగా
దాని కిందికి జరిపినా.