పగటి నక్షత్రం

ఎదురింటి మేడమీద నక్షత్రం
అంగట్లో కొన్నది, రంగులు మారుస్తుంది.
సంతపేటలో మా సందు గోడలు
ఒక క్షణం ఎర్రన, ఒక క్షణం పచ్చన.
"మనదేది నాయనా?" అంది కెజియా.
జేబులో చెయ్యి పెట్టాను.
పద్నాలుగో నంబరు స్పానరు తగిలింది,
ఇంకేమీ తగల్లేదు.

టమేటా మండీ వెనక పారేసిన తట్ట
విప్పితే పదకొండు వెదురు బద్దలు.
నక్షత్రానికి పది చాలు.
మిగిలినదాన్ని పారెయ్యనిస్తేనా?
"ఒక్కటే ఉంటే ఏడుస్తాది" అని
తనే దారం చుట్టింది.
ఐదు మూలల పక్కన ఆరోది
కొక్కెంలా పొడుచుకొచ్చింది.
"ఇది అమ్మకు. నైటు డ్యూటీకి."
అర్థం నేనడగలేదు.
మైదా ఉడికించిన జిగురులో
సగం నక్షత్రానికి, సగం దాని నోటికి.
గాలిపటాల కాగితం చాలక
ఆ ఆరో మూలకు
మామిడి గుజ్జు డబ్బా మీది కాగితం అంటించాం.
సగం కాయ కనిపిస్తుంది ఇప్పటికీ.

డిసెంబరు మొదటి ఆదివారం
నాలుగు కొబ్బరి చిప్పల్లో రాగులు చల్లాం
పశువుల పాకకు గడ్డి కావాలి కదా.
రాత్రిళ్ళు లేచి నీళ్ళు పోసేది,
దాహమేస్తాదేమోనని.
రెండు చిప్పలు కుళ్ళిపోయాయి.
మిగతా రెంటిలో మొలకలు
దాని వేలంత లేచి నిలబడ్డాయి.

నీవా ఒడ్డునుంచి బంకమన్ను తెచ్చా.
గాడిదను చెయ్యమంటే
అదెప్పుడు చూసింది గాడిదను?
డెయిరీ పాలు పోసే వాళ్ళింటి జెర్సీ ఆవును చేసింది,
చెవికి పచ్చ బిళ్ళతో సహా.
ముగ్గురు జ్ఞానులకన్నా
వాళ్ళ వెంట వచ్చిన కుక్క పెద్దది.
బాలయేసు చింతగింజంత.
సలోమి సంచిలోంచి కట్టుగుడ్డ ముక్క తీసి
చుట్టింది. మరీ బిగించి చుట్టింది.

ఆ రాత్రి సలోమి ప్రసవాల వార్డులో.
"అమ్మ వచ్చేదాకా లైటు వెయ్యొద్దు."
పాటల గుంపు పన్నెండు దాటాక మా గుమ్మంలో ఆగింది.
"ఏందమ్మా, నక్షత్రం చీకట్లో ఉందే?"
ఇజ్రాయేలు తాతకు
నిద్ర కళ్ళతోనే జవాబిచ్చింది:
"మా అమ్మ ఇంకా పుట్టించాలి."

ఏడూ నలభైకి సలోమి వచ్చింది,
చీర కుచ్చిళ్ళలో డెట్టాలు వాసన.
అప్పటికే ఎండ గోడెక్కింది.
స్విచ్చి వేశాను.
వేసినట్టే లేదు.
పదిహేను రోజుల పని,
ఒక్క వెలుతురు చుక్క లేదు.
కెజియా కింది పెదవి వంకర తిరిగింది.
ఏం చెయ్యాలో తోచక
బల్బును తిట్టాను, వైరును తిట్టాను.

సలోమి చెప్పులైనా విడవలేదు.
మంచం మీది గొంగళి లాగి
"రండి" అంది.
ముగ్గురం దూరాం, నక్షత్రంతో నలుగురం.
లోపల రాత్రయింది.
పచ్చ, ఎరుపు, ఊదా
ముక్కుల మీద, దుమ్ము మీద.
వంకర మూల సలోమి బుగ్గకు గుచ్చుకుంటుంటే
బుగ్గంతా మామిడిపండు రంగు.
"ఎంతమంది పుట్టినారు మా?"
"నలుగురు. ఒకడు ఎంతసేపటికీ ఏడవడే!
కాళ్ళు పట్టి రుద్ది రుద్ది…"
ఆ వాక్యం ఇంకా పూర్తి కాలేదు.
నోరు తెరిచే నిద్రపోయింది.
"ఏడ్చినాడా నాయనా?" కెజియా గుసగుస.
"ఏడ్చే ఉంటాడు."
అమ్మ లేచేదాకా కదలొద్దని
ఆజ్ఞ.

ఇది నాలుగో ఏడు.
సలోమికి ఇప్పుడు పగటి డ్యూటీ, పండగకు సెలవు.
రాత్రే వెలిగించుకోవచ్చు, అడ్డం లేదు.
కానీ కెజియా ఒప్పుకోదు.
నక్షత్రమంటే పొద్దున్నే, ఎండొచ్చాక,
గొంగళి కింద.
బళ్ళో అందరి ఇళ్ళల్లో అంతేననుకుంటోంది,
చెప్పలేదు మేము.

నిన్న మండీకి పోయి తట్ట తెచ్చాను.
పది బద్దలు ఎంచి పక్కన పెట్టి
పదకొండోది మళ్ళీ చీల్చాను.
పిల్ల పెరిగింది, గొంగళి పెరగలేదు.
నా కాళ్ళు రెండూ బయటే,
చలిలో.