తలలో నాలుక

కువోపియో ఊరి లైబ్రరీలో నవంబరు ఎనిమిదింటికి
ఇంకా తెల్లారదు.
అద్దం అవతల గడ్డకట్టబోతున్న సరస్సు,
ఇవతల పాత కంప్యూటరు ముందు ఔలిక్కి.
మీట నొక్కి, ఉన్ని చేతితొడుగులు విప్పి, మడిచి,
కోటుజేబులో కుక్కి,
పక్కసీటు రైమోని మోకాలినొప్పి ఎలా ఉందని అడిగి
తలెత్తితే
ఉత్తరం రాసుకునే కిటికీ అప్పుడు తెరుచుకుంటుంది.

తొమ్మిది సెకన్లు, అంటాడు తౌనో.
నేలమాళిగలో కూర్చుని లెక్కపెట్టాడు:
ఒక్క కిటికీకి నాలుగువందల పన్నెండు ప్రశ్నలు.
అక్షరం ఎంత లావు? గంట మోగాలా? అంచు ఏ రంగు?
అన్నిటికీ జవాబు చెప్పేది తెర వెనక ఒక్కడే.
ఆ వృత్తిలో వాణ్ణి దెయ్యం పేరుతో పిలుస్తారు గానీ
పాపం, గుమాస్తా.
అడిగినవాడు నిద్రపోవాలి, వీడు లేవాలి,
చిట్టా తిప్పి, చెప్పి, వీడు పడుకుంటే వాడు లేవాలి.
జవాబు ఆవగింజంత.
నడక మాత్రం రానూపోనూ
నాలుగువందల పన్నెండు సార్లు.

తీసిపారేద్దాం, అంది కొత్తగా చేరిన సైమి.
ఎవరి చిట్టా వాళ్ళనే చదువుకోనీ.
తౌనో పలకలేదు.
వీడు రాకముందు రోజులు అతనికి గుర్తు:
ప్రతి ప్రోగ్రామూ తన కాగితం తనే మోసుకుతిరిగేది,
ఒకే రంగుని ఇరవైచోట్ల దాచి మెమరీ ఉబ్బిపోయేది,
ఔలిక్కి ఒకచోట అక్షరాలు పెద్దవి చేసుకుంటే
ఇంకోచోట అదే చీమలబారు.
వీడొచ్చాక ఒక్క చెవిలో వేస్తే చాలు, అందరికీ తెలిసేది.
తలలో నాలుక.
వీడు కూలిన మంగళవారం కూడా గుర్తే:
కిటికీలన్నీ ఒకేసారి మతి తప్పి
ఫ్యాక్టరీ బూడిదరంగులో నిలబడ్డాయి.

ఫిబ్రవరిలో, మంచు మోకాలిదాకా ఉన్నప్పుడు
చిట్టాని గోడకి అంటించేశాడు.
చదవాలంటే ఎవర్నీ లేపక్కర్లేదు, తలెత్తి చూసుకోవడమే.
రాయాలంటే మాత్రం వాడి చేతిమీదుగానే.
ఒక్క ముక్క మారినా చిట్టా అంతా తిరగరాయాలి,
ఖరీదు కదా, అంది సైమి.
ఖరీదే.
కానీ రోజుకి లక్షసార్లు చదివేదాన్ని
నెలకోసారి మారుస్తారు మనుషులు,
అదీ కళ్ళజోడు మారితే.

రెండు సెకన్లు.
ఔలిక్కి ఒక చేతితొడుగే విప్పింది,
కిటికీ అప్పటికే తెరుచుకుని ఎదురుచూస్తోంది.
రైమో వైపు సగం తిరిగిన మెడ
అక్కడే ఆగి
తెర వైపు వచ్చేసింది.
"ఇదివరకే నయం" అంది, ఫిర్యాదులా కూడా కాదు.

తౌనో నోటుపుస్తకంలో తొమ్మిది కొట్టేసి రెండు వేశాడు.
కాసేపు పెన్ను మూత పెట్టలేదు.