పంది వెనకాల పిట్ట

అక్టోబరు. చివరి బంగాళాదుంపలు తవ్వుతున్నాను.
నడుం పట్టేసి, పార నేలలో గుచ్చి, గ్లవ్స్ విప్పానో లేదో
పార పిడి మీద రాబిన్.
ఆ పిడి ఖాళీ అయ్యే క్షణం కోసమే
పొద్దుట్నించీ కంచె మీద కాచుకున్నట్టు.

"నీ మీద ప్రేమతో వచ్చిందనుకునేవు!"
పక్క మడిలోంచి విల్ఫ్ డాడ్స్.
"ఒకప్పుడు ఇక్కడ అడవిపందులుండేవి.
ముట్టెతో అవి నేల పెళ్ళగిస్తూ పోతుంటే
వెనకాలే పురుగులేరుకునేది దీని ముత్తవ్వ.
ఇప్పుడు పందుల్లేవు.
నువ్వున్నావు."

ఇరవై ఏడేళ్ళు నార్తంబర్లాండ్ నేల కింద బొగ్గు తవ్వాడు విల్ఫ్.
గని మూసేశాక నేల పైన లీక్స్ పెంచుతున్నాడు.
సెప్టెంబరు పోటీకి ఒక్కోదాన్నీ
చంటిపిల్ల కాళ్ళు కడిగినట్టు కడుగుతాడు.
నాకు బహుమతులొద్దు.
తెల్లారకముందే బేకరీలో మొదలయ్యే నా రోజుకి
ఒళ్ళంతా పిండి కాని మట్టి కావాలి, అంతే.

డిసెంబరులో సముద్రపు గాలికి
మిగతా పిట్టలన్నీ నోళ్ళు కట్టేసుకుంటాయి.
మూడున్నరకే పడే చీకట్లో
గేటు పక్క వీధిదీపం కింద ఇదొక్కటే
సన్నగా, తెగీ తెగని దారంలా పాడుతుంది.
పాట కాదట అది. సరిహద్దు తగాదా.
క్రిస్మస్ కార్డు మీద మంచుకొమ్మన
బుద్ధిగా కూర్చునే ఈ పిట్టే
ఇంకో ఎర్రరొమ్ము కనబడితే నెత్తి పొడిచి నెత్తురు తీస్తుంది.
నేల గడ్డకట్టి పార ఖణేల్మన్న రోజు
రెక్కలు ఉబ్బించుకుని దూదిబంతిలా కూర్చుంది.
చీజ్ తురిమి ఇటుక మీద పెట్టాను.
కృతజ్ఞతేమీ లేదు.
ఇంకా ఉందా అన్నట్టు చూసింది.

ఫిబ్రవరిలో, నిన్నటిదాకా తరిమిన దాన్నే
పక్కన కూచోనిచ్చింది.
మార్చికల్లా నోటికందిస్తోంది కూడా.
ఆమెగారు రెక్కలు ఆడిస్తూ
పసిపిల్లలా నోరు తెరుస్తుంది. నాటకం!
విల్ఫ్ షెడ్డులో మేకుకి వేలాడే పాత గని హెల్మెట్‌లో
ఆకులు, నాచు, ఎవరి కుక్కదో బొచ్చు.
అయిదు గుడ్లు, తుప్పు చిలకరించినట్టు.
అయిదు వారాలు షెడ్డు తలుపు మూయలేదు విల్ఫ్.
వానకి పనిముట్లన్నీ తడిశాయి.
నన్నడిగి నా గొర్రు పట్టుకెళ్ళాడు,
తిరిగివ్వలేదు.

నాలుగు పిల్లలు ఎగిరాయి. ఒకదాన్ని పిల్లి తీసుకుంది.
మచ్చల గోధుమరంగువి, రొమ్మున ఎరుపు ఇంకా రాలేదు.
ఎరుపు రానంతవరకే తండ్రి వాటిని బతకనిస్తాడు.
తర్వాత జులై. చిక్కుళ్ళు విరగకాశాయి,
పిట్ట లేదు. ఈకలు రాల్చుకుంటూ ఏ పొదలోనో,
ముస్తాబు కాని మనిషిలా, మొహం చాటేసింది.

సెప్టెంబరులో మళ్ళీ ఒకటి వచ్చింది.
"అదేనా?" అన్నాను.
"అదే," అన్నాడు విల్ఫ్.
పిట్టల కాళ్ళకి ఉంగరాలు తొడిగే గ్వెండా
నాకు చెప్పకపోయినా బావుండేది:
ఇవి రెండేళ్ళు బతికితే గొప్పట.
అతనికీ చెప్పేశాను, ఎందుకో.

లీక్ మొదట్లో మట్టి వేలితో తీస్తూ
చాలాసేపటికి అన్నాడు:
"గనిలో షిఫ్టు దిగినవాడు దీపం అప్పగిస్తే
ఎక్కేవాడు అదే నంబరు దీపం పట్టుకెళ్ళేవాడు.
కింద ఉన్నవాళ్ళకి మొహాలు కనబడవు.
ఏడో నంబరొచ్చింది అనుకునేవాళ్ళం.
తెలీక కాదు."

ఈ అక్టోబరు విల్ఫ్‌కి తుంటి ఆపరేషను.
బోర్లించిన బకెట్ మీద ఫ్లాస్కుతో కూర్చున్నాడు.
అతని మడి నేనే తవ్వుతున్నాను.
పిట్ట అతని బూటు పక్కనుంచే, అటు చూడనైనా చూడకుండా
గెంతుకుంటూ నా పార దగ్గరికొచ్చింది.
చిన్నబుచ్చుకుంటాడేమోనని తలెత్తాను.

"ఏమే పందీ," అన్నాడు, టీ ఊదుకుంటూ,
"ఇంకాస్త లోతుగా తవ్వు.
దానికి ఆకలేస్తోంది."