సున్నా చూపించే గది

మధురవాడ కొండవాలున ఏడంతస్తుల అద్దాల మేడ.
సీలింగు పలకలు నాలుగు ఊడదీసి
నిచ్చెన మీద, నడుం దాకా చీకట్లో నేను.
నోట్లో టార్చి, పైమెట్టు మీద లాప్‌టాప్,
చెవి వెనక బుల్లి స్క్రూడ్రైవర్.

నూట పద్దెనిమిది పెట్టెలు ఈ మేడకి.
ఒక్కో పెట్టెకి ఒక గొంతు, గొంతులో రేకు తలుపు,
తలుపు పక్కన అరచేతంత కంట్రోలర్.
గోటితో స్విచ్చులు మీటి ఒక్కోదానికీ నంబరు పెడతాను.
బారసాలే ఇది, బియ్యప్పళ్ళెం లేదంతే.
రెండింటికి ఒకే పేరు పడిందా,
లైను లైనంతా మూగబోతుంది.

కింద నిచ్చెన పట్టుకుని ఎల్లాజీ.
డక్టులు బిగించే మనిషి.
అంతకు ముందు పెదజాలారిపేటలో తెప్ప.
ఇనప మరలకి పట్టిన ఉప్పు తుప్పుని
పాత చుట్టాన్ని చూసినట్టు చూస్తాడు.

ఐదో అంతస్తు, నలభై రెండో పెట్టె.
తెర మీద గాలి: సున్నా.
తలుపేమో నూటికి నూరు తెరుచుకుని ఉంది.
కింద అకౌంట్స్ అమ్మాయి శాలువా కప్పుకుని
వేళ్ళు రుద్దుకుంటూ బిల్లులు కొడుతోంది.
అయినా పెట్టె ఇంకా గాలి కావాలంటుంది.
మూడు గంటలు ప్రోగ్రాం తిరగరాశాను,
అంకెలు పెంచాను, తగ్గించాను,
కంపెనీకి ఫోన్ చేశాను.
ఆపి మళ్ళీ వెయ్యమన్నాడు బెంగళూరు వాడు.

ఎల్లాజీ పైకెక్కాడు. తెర వైపు చూళ్ళేదు.
సీసాలో నీళ్ళతో చెయ్యి తడుపుకుని
గ్రిల్లు దగ్గర పెట్టాడు.
“గాలి నిండుగున్నాది బాబూ.
నీ పెట్టే పెడమొగం ఎట్టుకున్నాది.”

మరో మెట్టు ఎక్కి, ఎవరికో చెబుతున్నట్టు:
“హుద్‌హుద్ నాడూ ఇంతే.
పొద్దున్నంతా ఓ పక్కనించి కొట్టీసినాది.
మద్దేల ఆగిపోనాది. అయిపోనాదనుకుని
జనమంతా వాకిట్లోకొచ్చీసినారు.
ఆగితే కదా? తిరిగినాది.”

రెండు సన్నటి గొట్టాలు.
ఎర్రది ఉండాల్సిన చోట నీలం.
మార్చి బిగించాను.
సున్నా ఉలిక్కిపడింది. నూరు. రెండొందలు. ఆరొందలు.
రేకు తలుపు మెల్లిగా తల వాల్చింది.
కింద అమ్మాయి శాలువా తీసి కుర్చీకి వేసింది,
పైకి చూడకుండానే.

ఇక మిగిలింది వేళల పట్టీ.
డిజైన్ కాగితం మీద స్పష్టంగా ఉంది:
రాత్రి ఎనిమిది దాటాక భవనం ఖాళీ.
ఖాళీ అంటే గాలి సున్నా.
ఎక్కించేశాను.
సరిగ్గా ఎనిమిదికి, ఒకదాని వెనక ఒకటి,
సంతలో షట్టర్లు దింపినట్టు
నూట పద్దెనిమిది గొంతులు మూసుకున్నాయి.
బాగుంది. టిఫిను డబ్బా సర్దుకున్నాను.

ఎనిమిదిన్నరకి లిఫ్టు తెరుచుకుంది.
బకెట్లు. మాపులు. తొమ్మిదిమంది ఆడవాళ్ళు.
తెరుచుకోని అద్దాలకి అవతల సముద్రం,
ఇవతల ఉడికిన గుడ్డలాంటి ఉక్క.
అర అంతస్తు తుడిచేసరికి
ఆదెమ్మ జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.
“మావొచ్చే ఏళకి ఏసీ ఉండదు లెండి”
అంది, నేనేమీ అడక్కుండానే.

తెర మీద ఐదో అంతస్తు. మనుషులు: సున్నా.

ఎల్లాజీ ఏమీ అనలేదు.
సీసా మూత తీసి, చెయ్యి తడుపుకుని
గ్రిల్లు దగ్గర పెట్టాడు.
అలాగే ఉంచాడు, చాలాసేపు.

లాప్‌టాప్ మళ్ళీ తెరిచాను.
ఎనిమిది చెరిపి పదిన్నర.
సున్నా చెరిపి ముప్ఫై శాతం.
మార్పుకి కారణం రాయందే
ముందుకు పోనివ్వదు, అదొక గడి.
కాసేపు ఆలోచించి,
గొట్టాలు తారుమారయ్యాయి, అని రాశాను.